సాంచా పక్కన మీటరు

పాత కరీంనగర్ జిల్లాలో పరిశ్రమ అనగానే రామగుండం పొగ గొట్టాలు గుర్తొస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎవరికీ గుర్తుకు రావు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఉన్న ఆ కాస్త పేరూ పోయింది. నిజానికి ఈ మూడు ఊళ్లూ యంత్రాల చప్పుడు మధ్యే బతుకుతున్నాయి. సిరిసిల్ల కార్ఖానాల్లో పాతికవేలకు పైగా సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. జగిత్యాల చుట్టూ యాసంగి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చే మిల్లులున్నాయి. కోరుట్ల పల్లెల్లో ఏటా పసుపు ఉడికించి, ఆరబెట్టి, పాలిష్ పట్టే పని సాగుతుంది. వీటికి కూతవేటు దూరంలోనే చదువుల ప్రాంగణాలూ ఉన్నాయి. నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, 2021లో సిరిసిల్లకు వచ్చిన మరో జేఎన్‌టీయూ కాలేజీ, పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం, కోరుట్లలో పశువైద్య కళాశాల. ఇంజినీరింగ్ విద్యార్థికి పని కావాలి, కార్ఖానాకు తన ఖర్చు ఎక్కడ కారిపోతోందో తెలియాలి. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి ఎదురుపడకపోవడమే ఇక్కడి అసలు లోటు.

హరిత ఇంజినీరింగ్ ప్రాజెక్టు అంటే సాధారణంగా సౌర పలకలు బిగించిన సైకిలో, బ్యాటరీతో నడిచే బండో, సెన్సార్లు తగిలించిన చెత్తబుట్టో అయి ఉంటుంది. అలాంటివి ప్రదర్శనకు అందంగా ఉంటాయి, మార్కులూ తెస్తాయి. కానీ అమెరికన్ శాస్త్రవేత్తలు పాల్ అనస్టాస్, జూలీ జిమ్మర్‌మన్ 2003లో హరిత ఇంజినీరింగ్‌కు పన్నెండు సూత్రాలు రూపొందించినప్పుడు వాటిలో కొత్త వస్తువు కనిపెట్టడం మీద కన్నా ఉన్నదాన్ని సరిగా చూడటం మీదే పట్టు ఎక్కువ. చెత్త పుట్టాక శుభ్రం చేయడం కన్నా పుట్టకుండా చూడటం మేలని ఒక సూత్రం చెబుతుంది. అవసరానికి మించిన సామర్థ్యాన్ని బిగించడమే ఒక లోపమని మరొకటి అంటుంది. చుట్టుపక్కల దొరికే పదార్థాన్ని, వేడిని వాడుకోవాలని ఇంకొకటి. ఈ మూడింటినీ పాటించాలంటే ముందుగా తెలియాల్సింది ఒక్కటే: ఇప్పుడు ఎంత ఖర్చవుతోంది, అందులో ఎంత పనికొస్తోంది. అందుకే ఈ మూడు ఊళ్లలో విద్యార్థులు, పరిశ్రమ కలిసి చేయాల్సిన మొదటి హరిత ప్రాజెక్టు యంత్రం తయారు చేయడం కాదు, కొలవడం. ఆ కొలత చేయడానికి విద్యార్థుల కన్నా తగినవాళ్లు ఇక్కడ మరొకరు లేరు.

సాంచా దగ్గర నుంచే చూద్దాం. సాదా సాంచాలో పేకపోగును అవతలి అంచుకు చేర్చేది నాడె. కండెతో కలిపి దాని బరువు అరకిలోకు అటూ ఇటూ ఉంటుంది. 80 డెనియర్ పాలిస్టర్ పోగు అనుకుంటే 9,000 మీటర్ల పోగు 80 గ్రాములు తూగుతుంది. అంటే 1.2 మీటర్ల వెడల్పు గుడ్డలో ఒక్క విసురుకు పడే పోగు బరువు పది మిల్లీగ్రాములకు కొద్దిగా ఎక్కువ. పది మిల్లీగ్రాములను చేరవేయడానికి అరకిలోను విసురుతున్నామన్నమాట. నాడె సెకనుకు 12 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే దాని గతిశక్తి 36 జౌళ్లు. సాంచా నిమిషానికి 140 సార్లు విసిరితే, నాడెను కదిలించడానికే 80 వాట్లకు పైగా కావాలి. అవతలి పెట్టెలో నాడె ఆగగానే ఆ శక్తి అంతా వేడిగా, చప్పుడుగా, నాడెను కొట్టే పికర్ అరుగుదలగా మారిపోతుంది. కార్ఖానాలో పక్కవాడి మాట వినపడకపోవడానికీ, విడిభాగాలు త్వరగా అరగడానికీ, బిల్లు పెరగడానికీ మూలం ఒకటే. ఈ లెక్కను ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థి వేయగలడు. కానీ ఫలానా కార్ఖానాలో ఫలానా సాంచా నిజంగా ఎంత తీసుకుంటోందో కాగితం మీద తేలదు. అక్కడికి మీటరు పట్టుకుని వెళ్లాల్సిందే.

సాంచాను తిప్పే మోటరు సంగతి మరింత చిక్కైనది. ఇండక్షన్ మోటరు తన సామర్థ్యానికి దగ్గరగా పనిచేసినప్పుడే బాగా పనిచేస్తుంది. సగం బరువు కూడా లేని పనికి పెద్ద మోటరు బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. కాలిపోయిన మోటరును చౌకగా రీవైండింగ్ చేయించిన ప్రతిసారీ దాని నాణ్యత కాస్త తగ్గే ప్రమాదం ఉంది. బెల్టు వదులైతే జారుడు, బిగువైతే బేరింగుల మీద భారం. వీటిలో ఏది ఎక్కువ నష్టం చేస్తోందో తెలియకపోతే తప్పుడు మందుకు డబ్బు పోతుంది. దీనికి మంచి ఉదాహరణ కెపాసిటర్. పవర్ ఫ్యాక్టర్ సరిచేస్తే లైన్లో ప్రవహించే కరెంటు, దానితో తీగల్లో వృథా తగ్గుతాయి. అది విద్యుత్ సంస్థకు పెద్ద లాభం. కానీ యూనిట్ల లెక్కన బిల్లు కట్టే చిన్న కనెక్షన్‌లో ఆ కెపాసిటర్ వల్ల బిల్లు పెద్దగా తగ్గదు. బజారులో ‘కరెంటు ఆదా డబ్బా’ల అమ్మకం నడిచేది ఈ తేడా తెలియని చోటే. బిగించక ముందు ఒక వారం, బిగించాక ఒక వారం మీటరు రీడింగు రాసుకున్న విద్యార్థి, చిన్న కార్ఖానా నడిపే ఆసామికి చేసే మేలు, కొత్త డబ్బా తెచ్చిచ్చినవాడు చేయలేడు. మెరుగుదల చిన్నదే కావచ్చు. ఒక్కో సాంచా 50 వాట్లు తక్కువ తీసుకుంటే, 25 వేల సాంచాలు రోజుకు పది గంటల చొప్పున 300 రోజులు ఆడితే మిగిలేవి 37.5 లక్షల యూనిట్లు. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడే మన గ్రిడ్‌లో అది ఏటా 2,600 టన్నులతో సమానం.

జగిత్యాల రైస్ మిల్లులో ప్రశ్న కరెంటు నుంచి వేడి మీదికి మళ్లుతుంది. యాసంగి ధాన్యం ఎండలకు పగిలి నూకలవుతుంది గనుక నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ వేడికి ఇంధనం ధాన్యం మీది ఊకే. నాని ఉడికిన ధాన్యంలో 32 శాతం తేమ ఉందనుకుందాం. ఒక టన్ను తడి ధాన్యాన్ని 14 శాతానికి ఆరబెట్టాలంటే దాదాపు 210 కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీటికి సుమారు 540 కిలోకేలరీల లెక్కన లక్షా 13 వేల కిలోకేలరీలు కావాలి. కిలో ఊక 3,000 కిలోకేలరీల వేడి ఇస్తుంది కనుక, వేడి ఎక్కడా పోకపోతే 38 కిలోల ఊక సరిపోతుంది. ఆరిన 790 కిలోల ధాన్యం నుంచి వచ్చే ఊక మాత్రం దాదాపు 160 కిలోలు. నానబెట్టే నీటిని వేడి చేయడానికి మరికొంత పోయినా చాలా ఊక మిగలాలి. ఏ మిల్లులో ఎంత మిగులుతోంది? మిగలని చోట అది చిమ్నీలోంచి పోతోందా, తొడుగు లేని ఆవిరి పైపుల నుంచి పోతోందా, సగం కాలిన బొగ్గుగా బూడిదలో కలుస్తోందా? పొగ ఉష్ణోగ్రత చూడటానికి ఒక థర్మోమీటరు, బూడిదలో కాలని కార్బన్ ఎంతుందో తేల్చడానికి కాలేజీ ల్యాబులోని కొలిమి, త్రాసు చాలు.

ఆ బూడిద మరో సంగతి చెబుతుంది. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, దానిలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉంటుంది. సుమారు 700 డిగ్రీలు దాటకుండా కాలిన బూడిదలో సిలికా స్ఫటికాలుగా గడ్డకట్టదు. అది సున్నంతో కలిసి గట్టిపడే గుణం కలిగి సిమెంటులో కొంత భాగానికి బదులుగా పనికొస్తుంది. అంతకు మించి వేడెక్కితే స్ఫటిక రూపానికి మారుతుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. అంటే ఒకే మిల్లు బూడిద ఒక నెల సరుకు, మరో నెల విషం కావచ్చు. కాలే తీరును కొలవకుండా బూడిదను ఇటుకల్లో కలపడం హరితమైన పని అనిపించుకోదు. మిల్లులోని బ్లోయర్లకూ ఇలాంటి లెక్కే ఉంది. ఫ్యాను తీసుకునే శక్తి దాని వేగానికి ఘనంలో మారుతుంది. వేగం ఐదో వంతు తగ్గిస్తే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. గాలి ఎక్కువైందని డ్యాంపరు మూసి నడిపే చోట వేగమే తగ్గిస్తే ఎంత మిగులుతుందో ఒక్క రోజు పరీక్షతో తెలిసిపోతుంది.

కోరుట్ల పసుపుకు యంత్రాలు తక్కువ, లెక్కలు మాత్రం అంతే ముఖ్యం. పచ్చి పసుపును ముక్కాలు గంట నుంచి గంట దాకా ఉడికించి, పది పదిహేను రోజులు ఎండబెట్టి తేమను పది శాతం దగ్గరికి తెస్తారు. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే కొమ్ము పెళుసవుతుంది. టన్ను పచ్చి పసుపును మరిగే వేడికి తేవడానికి దాదాపు 70 వేల కిలోకేలరీలు, అంటే వృథా లేకపోతే 20 కిలోల ఎండు కట్టె చాలు. ఆరుబయట పొయ్యి మీద నిజంగా ఎన్ని కిలోలు పోతున్నాయి, ఆవిరి బాయిలరులో ఎన్ని పోతున్నాయి, రెండింటిలో ఏది కొమ్మును సమానంగా ఉడికిస్తోంది? త్రాసు, గడియారం, తేమ కొలిచే పరికరం ఉంటే ఒక సీజనులో సమాధానం వస్తుంది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. మన పసుపు ఏ ఖర్చుతో తయారవుతోందో మన ఊరి లెక్కలే చూపగలిగితే ఆ బోర్డును అడగాల్సిన వాటికీ స్పష్టత వస్తుంది.

ఇంతకూ ఇవి కొలవాల్సింది విద్యార్థులేనా? దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది, దాని కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2002లో ఏర్పడింది. పెద్ద సిమెంటు, ఉక్కు, విద్యుత్ కర్మాగారాలకు అర్హత గల ఆడిటర్లు, లక్ష్యాలు, తనిఖీలు ఉన్నాయి. నాలుగు సాంచాల కార్ఖానా ఆ వలలో పడదు. ఆడిటరుకు ఇచ్చే ఫీజే దాని ఏడాది పొదుపును మింగేస్తుంది. బ్యూరో వరంగల్ రైస్ మిల్లుల వంటి కొన్ని చిన్న పరిశ్రమల సముదాయాలను అధ్యయనం చేయించింది. కేంద్ర జౌళి శాఖ 2017లో సాథీ పథకం కింద చిన్న మరమగ్గాల వాళ్లకు మెరుగైన మగ్గాలు, మోటార్లు, నాడె లేకుండా పోగును చేర్చే రేపియర్ కిట్లు అందించాలని తలపెట్టింది. ఇవి అవసరమైనవే. కానీ ఏ కార్ఖానాకు మోటరు కావాలి, దేనికి రేపియర్ కావాలి, దేనికి బెల్టు సరిచేస్తే చాలు అన్నది పథకం కాగితం చెప్పలేదు. రోగిని చూడకుండా రాసిన మందుచీటీ లాంటిది అది. పెద్ద ఆడిటరు రాలేని చోటికి వెళ్లగలిగేది, దగ్గరలో ఉన్నది, ఆ పని నుంచే చదువు నేర్చుకోగలిగేది విద్యార్థి ఒక్కడే.

ఇది ఊహ కాదని చెప్పడానికి దాదాపు అర్ధశతాబ్దపు అనుభవం ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1976లో విశ్వవిద్యాలయాల్లో పారిశ్రామిక అంచనా కేంద్రాలను మొదలుపెట్టింది. అధ్యాపకుల వెంట ఇంజినీరింగ్ విద్యార్థులు చిన్న, మధ్య తరహా ఫ్యాక్టరీలకు వెళ్లి ఒక రోజు కొలతలు తీస్తారు. రెండు నెలల్లోగా ఏ మార్పుకు ఎంత ఖర్చు, ఎంత కాలంలో డబ్బు తిరిగి వస్తుందో నివేదిక ఇస్తారు. ఫ్యాక్టరీ పైసా కట్టదు. కొన్ని నెలల తర్వాత ఏవి అమలు చేశారో మళ్లీ అడిగి రాసుకుంటారు. అలా జరిగిన అంచనాలు ఇరవై వేలు దాటాయి. వాటి వివరాలు కంపెనీ పేర్లు లేకుండా ఎవరైనా చూసుకునేలా ఒక చోట భద్రపరిచారు. ఆ కార్యక్రమం బలమంతా పరికరాల్లో లేదు. ప్రతి బ్యాచ్ తన ముందు బ్యాచ్ వదిలిన చోటి నుంచి మొదలుపెట్టడంలో ఉంది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. పొలాస వ్యవసాయ కళాశాల విద్యార్థులు చివరి ఏడాది రావెప్ అనే గ్రామీణ పని అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు, వ్యవసాయ పరిశ్రమల్లోనూ కొన్ని వారాలు గడుపుతారు. అది వాళ్ల డిగ్రీలో మార్కులున్న భాగం. కోరుట్ల పశువైద్య విద్యార్థికి పట్టా రావాలంటే ఇంటర్న్‌షిప్ చేయాల్సిందే. పొలాసలో పుట్టిన వరి రకం కూడా రైతు పొలంలో చిరుసంచుల ప్రయోగం దాటకుండా బయటికి రాదు. ఒకే జిల్లాలో మొక్కకూ పశువుకూ ఉన్న ఈ క్షేత్ర క్రమశిక్షణ యంత్రానికి ఎందుకు లేదు? అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018లో ఇంజినీరింగ్ నమూనా పాఠ్యప్రణాళికను 160 క్రెడిట్లకు తగ్గించి ఇంటర్న్‌షిప్‌కు చోటిచ్చింది. ఆ చోటు నిండుతున్న తీరు మాత్రం అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో కోర్సు సర్టిఫికెట్ ఒకటి, అమీర్‌పేటలో కొనుక్కున్న ప్రాజెక్టు మరొకటి. విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. కార్ఖానాకు వెళ్లినవాడికీ, కొనుక్కొచ్చినవాడికీ ఒకే మార్కులు పడుతున్నప్పుడు తేలిక దారి ఎంచుకోవడం సహజం.

విద్యార్థులతో కొలిపించడం మీద వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. అనుభవం లేని పిల్లలను తిరుగుతున్న బెల్టుల మధ్యకు, మండుతున్న బాయిలర్ల దగ్గరికి పంపడం ప్రమాదం కాదా అంటారు. అధ్యాపకుడు లేకుండా, భద్రతా శిక్షణ లేకుండా పంపితే ప్రమాదమే, పంపకూడదు. కానీ కొలత అంటే యంత్రాన్ని విప్పడం కాదు. తీగ చుట్టూ పట్టే క్లాంప్ మీటరుకు, పొగ గొట్టంలో పెట్టే థర్మోమీటరుకు యంత్రం ఆపాల్సిన పనిలేదు. ఇంకా గట్టి భయం యజమానిది. లోడు ఎంతో, ఉత్పత్తి ఎంతో బయటపడితే రేపు కరెంటు ఆఫీసో, పన్నుల శాఖో తలుపు తడుతుందని అతని అనుమానం. సిరిసిల్లలో విద్యుత్ రాయితీ, బ్యాక్ బిల్లింగ్ (పాత వాడకానికి తర్వాత వేసే బిల్లు) వివాదాలు చూసినవాళ్లకు ఆ అనుమానం అర్థం కాకపోదు. అందుకే ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఏ కార్ఖానా పేరూ బయటికి పోదు, నివేదిక యజమాని చేతికే వెళ్తుంది, కాలేజీ దగ్గర పేరు లేని అంకెలు మాత్రమే ఉంటాయి. అమెరికా కేంద్రాలు నిలదొక్కుకున్నది ఆ నమ్మకం మీదే.

రెండో అభ్యంతరం రాయితీ గురించి. మరమగ్గాలకు కరెంటు సగం ధరకే వస్తున్నప్పుడు ఆసామి పొదుపు కోసం ఎందుకు తిప్పలు పడతాడు? ఇది నిజమైన చిక్కు. రాయితీ వల్ల అతను ఆదా చేసిన ప్రతి యూనిట్‌లో సగం లాభమే అతనిది, మిగతా సగం ప్రభుత్వానిది. అయితే ఇందులోనే పరిష్కారం కూడా ఉంది. పొదుపులో సగం ఖజానాకు చేరుతోంది గనుక కొలత ఖర్చు, విద్యార్థుల రవాణా, పరికరాల ఖర్చు ఖజానా పెట్టుకోవడం న్యాయం. ఇందుకు సిరిసిల్లలో దేశంలోనే అరుదైన ఒక సౌకర్యం ఉంది. 1970లో పని మొదలుపెట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, సెస్, దేశంలోని తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. దాని సభ్యులు వినియోగదారులే. లైన్లో వృథా తగ్గితే లాభపడేది సంఘమే, సంఘం అంటే ఆసాములూ రైతులూ. ఏ ఫీడరులో ఎంత పోతోందో సెస్ దగ్గర ఉన్న లెక్కకు, ఏ కార్ఖానాలో ఎంత పోతోందో విద్యార్థి తెచ్చిన లెక్క తోడైతే కెపాసిటర్ ఎవరి ఖర్చుతో ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మూడో మాట: పక్కనే 2,600 మెగావాట్ల రామగుండం విద్యుత్ కేంద్రం బొగ్గు కాలుస్తుంటే సాంచా దగ్గర 50 వాట్లు మిగల్చడం సముద్రంలో కాకిరెట్ట కాదా? పరిమాణంలో చిన్నదే. కానీ బొగ్గులోని వేడిలో దాదాపు మూడో వంతే కరెంటుగా మారుతుంది, దారిలో తీగలు మరికొంత తింటాయి. సాంచా దగ్గర మిగిలిన ఒక్క యూనిట్ వెనక గనిలో మూడు యూనిట్ల వేడి మిగులుతుంది. అంతకన్నా ముఖ్యం, పొదుపు ఇక్కడ వాతావరణానికి మాత్రమే సంబంధించినది కాదు. 2017లో మొదలై 2023 దాకా సాగిన బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్లు ఉన్నప్పుడు సిరిసిల్ల ఊపిరి పీల్చుకుంటుంది, అవి ఆగినప్పుడు సాంచాలు ఆగుతాయి. బయటి మార్కెట్లో నిలవాలంటే మీటరు గుడ్డకు పడే ఖర్చు తెలియాలి. ఆ లెక్క లేని పరిశ్రమ ఎప్పటికీ ఆర్డరు కోసం ఎదురుచూసేదిగానే మిగులుతుంది.

నాలుగోది కార్మికుడి వైపు నుంచి వస్తుంది. సామర్థ్యం పేరుతో వేగమైన మగ్గాలు వస్తే చేతులు తగ్గుతాయన్న భయం నిజమైనదే. అందుకే కొలత లెక్కల్లో కూలీ కూడా ఉండాలి. పోగు తెగుళ్లు, సాంచా ఆగిన నిమిషాలు, చెవిన పడే చప్పుడు డెసిబెళ్లు, కార్ఖానా వేడి, ఇవన్నీ విద్యార్థి నమోదు చేయాలి. నేసిన గుడ్డకే కూలి దొరికే చోట సాంచా ఆగకుండా ఆడితే లాభం కార్మికుడికీ చేరుతుంది. మగ్గం మార్చకుండానే వచ్చే పొదుపు ఎంత, మారిస్తేనే వచ్చేది ఎంత అని విడదీసి చూపితే, యజమానీ కార్మికుడూ ఊహల మీద కాక అంకెల మీద మాట్లాడుకోగలరు. విద్యార్థులను ఉచిత కూలీలుగా వాడుకునే ప్రమాదమూ ఉంది. వాళ్లు ఉత్పత్తి పనిలో నిలబడితే అది ప్రాజెక్టు కాదు. వాళ్ల పని కొలత, నివేదిక, మళ్లీ వెళ్లి చూడటం. ఆ హద్దు ఒప్పందంలోనే గీయాలి.

కాబట్టి మొదలుపెట్టడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. రెండు జేఎన్‌టీయూ కాలేజీల ఎలక్ట్రికల్, మెకానికల్ విభాగాలు, సెస్, మిల్లర్ల సంఘం, పొలాస శాస్త్రవేత్తలు కలిసి ఒక ఏడాదికి కొన్ని కార్ఖానాలు, కొన్ని మిల్లులు, పసుపు సీజనులో కొన్ని బాయిలర్లు ఎంచుకుంటే చాలు. ఒకే నమూనా పట్టికలో అంకెలు రాయాలి. రెండో ఏడాది బ్యాచ్ మొదటి బ్యాచ్ సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో చూడటంతో మొదలుపెట్టాలి. మార్కుల్లో సగం ఆ తిరిగి చూడటానికే ఇవ్వాలి. కొత్త యంత్రం కావాలా అన్న ప్రశ్న మూడో ఏడాది వస్తే చాలు. అప్పటికి ఆ యంత్రం ఏం చేయాలో, ఎంతలో చేయాలో, ఎవరికి అక్కర్లేదో కూడా తెలిసి ఉంటుంది. విద్యార్థి ఆవిష్కరణను చిన్నచూపు చూడటం దీని ఉద్దేశం కాదు. ఆవిష్కరణకు సరైన ప్రశ్న దొరకాలంటే ఈ దారి తప్పదు. అంకెలు లేని హరిత ప్రాజెక్టు ప్రదర్శనశాలలో ఒక పూట ఉంటుంది. మూడేళ్ల అంకెలున్న ప్రాజెక్టును ఆసామి, మిల్లరు, రైతు తమంతట తామే అడిగి తీసుకుంటారు.